ఉగాదికి ముందు వారం, శ్రీశైలం దారిలో మా సత్రం

శివరాత్రి వెళ్ళి ఎండ కాస్త ముదిరిందంటే మా సత్రంలో ముందు నీళ్ళ తొట్లు కడిగేవాళ్ళం. బియ్యం, బేడల సంగతి ఆ తర్వాతే. శ్రీశైలానికి నడిచొచ్చే కన్నడ భక్తులు ఒక పూట అన్నం ఆలస్యమైనా ఓర్చుకుంటారు గానీ, నీళ్ళు అందకపోతే ఆ రోజు నడక అక్కడితో సరి. నందికొట్కూరు దాటి ఆత్మకూరు పోయే రోడ్డు పక్కన, వేపచెట్ల నీడలో, రాతి కూసాల మీద నిలబడ్డ ఆ నాలుగు గదుల సత్రం గుర్తొస్తే ముందుగా తడిసిన మట్టి వాసన, దాని వెనకే కాలుతున్న జొన్నరొట్టె వాసన ముక్కుకు తగులుతాయి.

బాగలకోట, విజయపుర, గదగ, రాయచూరు, బెళగావి వైపు నుంచి పది పదిహేను రోజులు నడిచి వచ్చేవాళ్ళు వాళ్ళు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. ఉగాదికి ఆడపడుచు ఇంటికి పోతున్నామన్న వరస. అందుకే సత్రం గడప దగ్గర మొహమాటం ఉండేది కాదు, చుట్టపింటికి వచ్చినట్టే వచ్చేవాళ్ళు. మా ఊరు దాటితే ఆత్మకూరు, ఆ పైన వెంకటాపురం, అక్కణ్ణుంచి నల్లమల. నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. అడవిలో కాలు మొరాయిస్తే పక్కన కూర్చోబెట్టుకుని చూసేవాళ్ళు అంత సులువుగా దొరకరు. కాబట్టి పదిరోజులు నడిచిన కాలును అడవికి సిద్ధం చేసి పంపడమే మా సత్రం పని అని పెద్దలు చెప్పేవాళ్ళు. మిగతా మర్యాదలన్నీ దాని తర్వాతే.

తేదీల లెక్క కేలెండరు చూసి వేసేది కాదు, ఉగాది నుంచి వెనక్కి వేసేది. ఉగాది ముందురోజుకే కొండ చేరాలని అందరూ చూస్తారు. మా ఊరి నుంచి కొండకు మూడు రోజుల నడక. ఆ లెక్కన మాకు జనం విరగబడేది ఉగాదికి నాలుగైదు రోజుల ముందు. అంతకు వారం ముందు నుంచి పలచగా వస్తుంటారు, వాళ్ళు ఎక్కువగా దూరపువాళ్ళూ ముసలివాళ్ళూ. ఇందులో ఒక చిక్కు ఉంది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో 2024లో ఏప్రిల్ 9కి పోయింది. పద్దెనిమిది రోజుల తేడాయే గానీ కర్నూలు సీమ ఎండలో అది చిన్న తేడా కాదు. మార్చి ఉగాదికి సరిపోయిన నీళ్ళు ఏప్రిల్ ఉగాదికి సగం పొద్దుకే అయిపోతాయి. ఉగాది ఏప్రిల్లో పడిందని తెలిసిన ఏడు ఒక ట్యాంకరు అదనంగా మాట్లాడి పెట్టుకునేవాళ్ళం, మజ్జిగ బానలు రెండింతలు చేసేవాళ్ళం.

నడిచేవాళ్ళు రాత్రి పడుకుని పగలు నడుస్తారనుకుంటే పొరపాటు. తెల్లవారుజాము మూడింటికల్లా లేచి బయల్దేరతారు, తొమ్మిది పదింటికల్లా రోడ్డు మీద తారు కాలడం మొదలవుతుంది, అక్కడ ఆగుతారు. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర అయిదుకు లేచి రాత్రి తొమ్మిదింటిదాకా. సత్రానికి రోజుకు రెండు అలలు. పదిన్నరకు ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. సేవకు కొత్తగా వచ్చినవాళ్ళు రాత్రి పనికి సిద్ధపడి పగలు నిద్రపోయేవాళ్ళు. అసలు కష్టంలో ఉన్నవాళ్ళు వచ్చేది పగటి అలలో, ఎండదెబ్బ తగిలేది అప్పుడే.

ముప్పై మందిమి ఉంటే మూడు జట్లు: నీళ్ళు, పొయ్యి, కాళ్ళు. వడ్డన చేస్తామని అందరూ ముందుకొచ్చేవాళ్ళు. మొదటి ఏడు వచ్చినవాళ్ళను మాత్రం నీళ్ళ జట్టులోనే వేసేవాళ్ళు పెద్దలు. అక్కడ మనిషి నెమ్మది తెలుస్తుందని.

నీళ్ళ పని చెప్పినంత తేలిక కాదు. బోరు నీళ్ళు సిమెంటు తొట్టిలోకి ఎక్కించి రాత్రే బ్లీచింగ్ పౌడర్ కలిపేవాళ్ళం, వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. దాన్ని నేరుగా తొట్టిలో చల్లకూడదు. చిన్న బకెట్లో కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, ఇంకాసిని నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలితే సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు మాత్రమే తొట్టిలో పోయాలి. గంటసేపు ఆగాకే తాగడానికి. అడుగు సున్నం కూడా పోసిన రోజు నీళ్ళు తెల్లగా చేదుగా వచ్చి ఎవరూ తాగరు, పక్క పొలంలో కాలువ నీళ్ళు తాగి కడుపు పాడుచేసుకుంటారు. మూత సరిగా పెట్టని పాత పౌడరుతోనూ ఇదే నష్టం. ఘాటు పోయిన పౌడరు ఎంత కలిపినా పనిచేయదు. ఏటా కొత్తది కొని చిన్న డబ్బాల్లో నింపుకోవడం అందుకే.

తాగే నీళ్ళకూ స్నానపు నీళ్ళకూ వేరువేరు తొట్లు. వచ్చేవాళ్ళలో లింగధారులు చాలామంది. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, లింగపూజ అయితే గానీ ముద్ద ముట్టరు. ఆకలితో వచ్చారు కదా అని విస్తరి ముందు కూర్చోబెడితే వాళ్ళను ఇబ్బంది పెట్టినట్టే. అందుకని సత్రంలోకి వచ్చే దారే స్నానాల తడికల మీదుగా పెట్టేవాళ్ళం. ముందు నీళ్ళు, తర్వాత పూజకు అరుగు, ఆ తర్వాత పంక్తి. మల్లయ్య కంబి, అంటే దేవుడి పేర భుజాన మోసే కావడి, మోసుకొచ్చే గుంపులకైతే అంతకంటే ముందే ఈశాన్యం మూల కడిగి ముగ్గు వేసి ఉంచాలి. మనుషుల కాళ్ళు తగిలే చోట కంబిని పెట్టనివ్వరు. ఆ మూల సిద్ధంగా లేకపోతే గుంపు మొత్తం ఎండలో రోడ్డు మీదే నిలబడిపోతుంది.

ఇక రొట్టె. మా వైపు పెద్దమనుషులు విరాళం ఇచ్చేటప్పుడు పాయసం పెట్టండి, లడ్డూ పెట్టండి అని ప్రేమగా చెప్పేవాళ్ళు. కాదనలేక మొదట్లో పెట్టేవాళ్ళం. నెయ్యి, బెల్లం బాగా పడిన తిండి తిని ఎండలో పడుకున్నవాళ్ళు సాయంత్రానికి కడుపు పట్టుకుని లేచేవాళ్ళు. నడిచే మనిషికి ఇంట్లో తినే తిండే పడుతుంది. వాళ్ళింట్లో జొన్నరొట్టె. మూటల్లో కడక్ రొట్టెలు, బుడ్డల పొడి ఉంటాయి గానీ పదిరోజులయ్యేసరికి ఎండు రొట్టె నమిలి దవడలు నొప్పెడుతుంటాయి. మెత్తటి వేడి రొట్టె కనపడితే ఆ ముఖాలు విప్పారేవి.

రొట్టెకు పిండి పాతదైతే ఎంత చేయి తిరిగినవాళ్ళు తట్టినా అంచులు పగులుతాయి. జొన్నపిండి నిల్వ ఉంటే జిగి పోతుంది. వారంలోపు ఆడించిన పిండే తట్టుడుకు లొంగుతుంది. అందుకని జొన్నలు ముందే తెచ్చినా మరకు రెండు విడతలుగా పంపేవాళ్ళం. కిలో పిండికి ఇంచుమించు లీటరు నీళ్ళు, తెర్లే నీళ్ళు. కుప్పగా పోసిన పిండి మధ్య గుంట చేసి మరిగే నీళ్ళు పోసి కట్టెతో కలిపి, చేయి ఓర్చుకునే వేడిలోనే మర్దించాలి. చల్లారితే జిగి రాదు. పీటమీద పొడిపిండి చల్లి, ముద్దను రెండు అరచేతులతో గుండ్రంగా తిప్పుతూ తడుతుంటే ఆ చప్పుడు ఒక లయలో పడేది. అయిదు పీటల మీద అయిదుగురు అమ్మలు తడుతుంటే తెల్లవారుజామున ఊరంతటికీ అదే మేలుకొలుపు. పెనం మీద వేశాక పైన పొడిపిండి ఉన్న వైపు తడిగుడ్డతో ఒక్కసారి తుడవాలి. తడి ఆరేలోపు తిరగెయ్యాలి. ఆలస్యం చేస్తే పొంగదు, అట్టలా బిగుస్తుంది.

కిలో పిండికి పది పన్నెండు రొట్టెలు, ఒక్కో పెనం మీద గంటకు పాతిక. పగటి అలకు మూడు వందల మంది అనుకుంటే మనిషికి రెండు, ఆరు వందల రొట్టెలు, యాభై అయిదు కిలోల పిండి. అయిదు పెనాలు అయిదు గంటలు ఆగకుండా నడవాలి. నాలుగింటికి పొయ్యి రాజేస్తేనే తొమ్మిదికి తెములుతుంది. చేసిన రొట్టెను వేడిమీద ఒకదానిమీద ఒకటి పేర్చి మూత పెట్టారా, ఆవిరి పట్టి కింది పది ముద్దయిపోతాయి. వెదురు బుట్టలో పల్చటి గుడ్డ పరిచి, నిలువుగా ఆనించి, గాలి ఆడేటట్టు పెట్టుకోవాలి. తోడుగా గుత్తొంకాయో పప్పో, పచ్చి ఉల్లిగడ్డ. రాత్రి అలకు అన్నం, కందిబేడల పప్పుచారు. పెళ్ళిలో కిలో బియ్యానికి ఎనిమిది మంది లెక్క వేస్తారు, ఇక్కడ ఆరుగురికి మించి వేసుకోకూడదు. తెల్లవారుజామున పోయేవాళ్ళకు ఉగ్గాని. నీళ్ళలో బొరుగులు ముంచి వెంటనే పిండి, పోపులో కలిపి, పుట్నాల పొడి చల్లితే అయిపోయింది. నిమిషం ఎక్కువ నానితే గంజి అవుతుంది. వాళ్ళూరి సుసలాకు ఇది అక్కచెల్లెలే కాబట్టి ఎవరూ పరాయిగా చూడలేదు.

మజ్జిగ లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్ళు, ఉప్పు, నలిపిన కొత్తిమీర. రెండు గంటలకు సరిపడా మాత్రమే చిలకాలి. పొద్దున్నే గంగాళం నిండా చేసి పెట్టుకుంటే మధ్యాహ్నానికి పులిసి మేలుకంటే కీడు ఎక్కువ. ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం పొట్లం గ్లాసులో వేసి ఇవ్వడం మంచి మనసుతో చేసే తప్పు, ఉప్పు ఎక్కువై వాంతి వస్తుంది. పొట్లాలు అయిపోయినప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి.

కాళ్ళ జట్టు దగ్గర వరస ఎప్పుడూ పొడుగే. ఆ జట్టువాళ్ళు నేర్చుకునే మొదటి కన్నడ మాట ‘సుగర్ ఐతేన్రి?’ చక్కెర జబ్బు ఉన్నదీ లేనిదీ తెలియకుండా కాలు ముట్టరాదు. చక్కెర ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, వేడి తెలియదు, బొబ్బ తెలియదు. వాళ్ళ బొబ్బలు మేం పొడిచేవాళ్ళం కాదు, కడిగి కట్టుకట్టి డాక్టరు దగ్గరికి పంపేవాళ్ళం. వేడి నీళ్ళలో కాళ్ళు పెట్టించడం వాళ్ళకు అసలు పనికిరాదు. మిగతావాళ్ళకైనా నీళ్ళ వేడి మోచేతితో చూడాలి. గుప్పెడు ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు చాలు. హాయిగా ఉందని అరగంట ఉంచితే చర్మం నాని మెత్తబడి, తెల్లారి తారు రోడ్డు మీద పొరలుగా ఊడిపోతుంది.

కడిగాక పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని వెలుతురులో చూడాలి. మడమ, బొటనవేలి కింద కండ, వేళ్ళ సందులు. చిన్న బొబ్బ జోలికి పోవద్దు. అడుగు వేసే చోట బిగిసి నిండిన పెద్ద బొబ్బకు మాత్రం స్పిరిట్‌తో చుట్టూ తుడిచి, కొత్త సూదితో అంచున రెండు చోట్ల గుచ్చి, దూదితో నెమ్మదిగా ఒత్తి నీరు తీయాలి. పై తోలు కత్తిరించకూడదు, కింది పచ్చి చర్మానికి అదే కాపు. పోవిడోన్ అయోడిన్ రాసి, గాజుగుడ్డ మడత పెట్టి, ప్లాస్టరు వేయాలి. వేలి చుట్టూ పూర్తిగా చుట్టరాదు, వేడికి వేలు వాస్తే ప్లాస్టరు ఉరిలా బిగుస్తుంది. సూది మనిషికొకటి. వెనకటి రోజుల్లో బొబ్బలోంచి నూలుదారం గుచ్చి అలాగే వదిలేసేవాళ్ళు, నీరు దారం వెంట కారిపోతుందని. అదే దారం వెంట దుమ్ము లోపలికి పోయి చీము పట్టడం పదేపదే చూశాక ఆ పద్ధతి మానేశాం.

మొక్కు ఉన్నవాళ్ళు చెప్పులు వేసుకోరు. ఉత్తి ప్లాస్టరు తారు వేడికి కరిగి, దుమ్ము పట్టి, రెండు కిలోమీటర్లలో ఊడిపోతుంది. వాళ్ళకు పాత నూలు పంచె నాలుగు వేళ్ళ వెడల్పున చింపి, మడమ నుంచి పాదం మీదుగా ఎనిమిది అంకెలా చుట్టి, ముడి పాదం పైన వేసేవాళ్ళం. ముడి అరికాలి కింద పడితే అదే ఇంకో బొబ్బ. ఈ పంచెల కోసం ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, ఉతికి, ఎండబెట్టి, చుట్టలు చుట్టి పెట్టడం పిల్లల పని. మడమ పగుళ్ళకు ఆముదంలో మైనం కరిగించి రాసేవాళ్ళు అమ్మలు.

నూనె మర్దనకూ ఒక హద్దు ఉంది. రెండు పిక్కలూ సమానంగా పీకుతుంటే నువ్వులనూనె వెచ్చచేసి కింది నుంచి పైకి తోమవచ్చు. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంటే చేయి వేయకూడదు. అది నరంలో గడ్డకట్టిన నెత్తురు కావచ్చు. మనిషి మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరాలి. మాట తెలియని మనిషి నోట్లో నీళ్ళు పోయరాదు. 2005లో 108 వచ్చాక ఫోను చేస్తే బండి వచ్చేది, అంతకు ముందు ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి ఆత్మకూరు తీసుకుపోవడమే.

మరగాళ్ళ మీద నడిచి వచ్చేవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కొయ్యకాళ్ళ మీద అంత ఎత్తున, కర్ర సాయంతో వచ్చే మనిషి నేలమీద కూర్చోలేడు, వంగి తాళ్ళు విప్పుకోలేడు. మా సత్రం పాత అరుగు నాలుగడుగుల ఎత్తు. దానికి ఆనుకుని అలాగే కూర్చుంటే కాళ్ళు వేలాడేవి, కింద నిలబడి మేం తాళ్ళు విప్పేవాళ్ళం. ముందు చీలమండ దగ్గరిది, తర్వాత మోకాలి కిందిది. తాడు బిగిసిన చోట నల్లగా చారలు. విప్పిన వెంటనే నిలబెట్టకూడదు, నెత్తురు దిగి కాళ్ళు తిమ్మిరెక్కి పడిపోతారు. పావుగంట కూర్చోబెట్టి, అరచేత్తో తేలిగ్గా రాసి, అప్పుడు దింపాలి. కట్టేటప్పుడు తాడు కింద పాత కంబళి ముక్క మడత పెడితే చర్మం లేచిపోదు. విప్పిన మరగాళ్ళను గోడకు నిలువుగా ఆనించి తాడుతో కట్టాలి. పడుకోబెడితే రాత్రి చీకట్లో ఎవరో ఒకరు తట్టుకుని పడతారు. ఇప్పుడు కడుతున్న రేకుల షెడ్లకు అరుగులు ఉండటం లేదు. కనీసం ఒక పక్కన రాతి దిమ్మె అయినా కట్టించమని కట్టేవాళ్ళకు మనవి.

పడక దగ్గర మనిషికి ఆరడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు. కింద టార్పాలిన్, దానిమీద జంపఖానా. తలలు గోడవైపు, మధ్యలో మూడడుగుల బాట. రాత్రి లేచేవాళ్ళు ఎక్కువ, బాట లేకపోతే కట్టుకట్టిన కాళ్ళు తొక్కుతారు. ముసలివాళ్ళకు వాకిలి దగ్గర చోటు. ఆడవాళ్ళ గది మరుగుదొడ్డికి దగ్గరిది, ఆ దారిలో దీపం తెల్లార్లూ వెలగాలి. దీపం ఆరిపోయిన రాత్రి ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, తెల్లారి కళ్ళు తిరిగి పడిపోతారు. ఈ సంగతి మగవాళ్ళం చాలా ఏళ్ళకు గానీ తెలుసుకోలేదు. ఒక అవ్వ చెప్తే తెలిసింది.

భాష పెద్ద అడ్డు కాలేదు. నీరు నీరే, కాలు కాలే, నొప్పి ‘నోవు’, బొబ్బ ‘బొబ్బె’. బొరుగులు ‘మండక్కి’. ‘అజ్జా, ఎల్లి నోవైత్రి?’ అంటే వేలు పెట్టి చూపించేవాళ్ళు. తిని పడుకోండని ‘ఊట మాడ్రి, మలగ్రి’ అంటే నవ్వుతూ మన యాసను సరిచేసేవాళ్ళు.

తెల్లవారుజామున రెండున్నరకు కంబి గంటలు మోగేవి. వాకిట్లో పెట్రోమాక్సు దీపం కింద నిలబడి ప్రతి గుంపుకూ అడవి సంగతి చెప్పి పంపేవాళ్ళం. వెంకటాపురం దగ్గర నీళ్ళు నింపుకోండి, మనిషికి రెండు లీటర్లు. అడవిలోకి పొద్దుండగానే అడుగుపెట్టండి, గుంపు విడిపోవద్దు. బీడీ కాల్చి పారేయొద్దు, ఆ నెలల్లో ఆకు రాలి నేలంతా ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అది పులులు తిరిగే అడవి, చెంచుల ఇల్లు. ప్లాస్టిక్ సంచి పడేయొద్దు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ కైలాసద్వారానికి ఎక్కాలి, మోకాళ్ళు అక్కడే పోతాయి. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అడవి దారిలో కాలికి తగిలే రాతిమెట్లు ఒకటి జానెడు, ఇంకొకటి మూరెడు. దిగేటప్పుడు పక్కకు తిరిగి, కర్ర ముందు మెట్టు మీద ఆనించి, నొప్పి ఉన్న కాలు ముందు వేయాలి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. కర్ర లేనివాళ్ళకు వెదురు కర్ర, చంక సంచిలోకి రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒక గుడ్డ చుట్ట.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైనదీ ఆ రోజే. ఆ ఏడు గుండిగలు అటక మీదే ఉండిపోయాయి. వేపపూత రాలి అరుగు నిండా పరుచుకుంటే ఊడ్చడానికి కూడా ఎవరికీ చేయి రాలేదు.

నడిచిపోయినవాళ్ళు తిరిగి నడిచి రారు. పండగ అయిపోయాక బస్సుల్లోనో లారీల్లోనో వెళ్ళిపోతారు. ఉగాది మర్నాడు మేం సున్నం చల్లి, గుంటలు పూడ్చి, జంపఖానాలు ఉతికి గోడల మీద ఆరేస్తుంటే, రోడ్డు మీద కన్నడ బోర్డులున్న బస్సులు వరసగా పోయేవి. కిటికీల్లోంచి చేతులు ఊగేవి. అంత వేగంలో ముఖాలు ఆనవు. ఎప్పుడైనా ఒక కాలు కిటికీ చువ్వల సందులోంచి బయటికి వచ్చేది, మా పంచె పీలిక ఇంకా దానికి చుట్టే ఉండేది, దుమ్ముకొట్టుకుని, ముడి పాదం పైనే.